రిటైరయ్యాక మళ్లీ అదే గేటులోంచి

అమెరికాలో, నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్‌లో నాకు పడిన పేరు 'ఎయిర్ ఫోర్స్ అంకుల్'. 2020 లెక్కల్లో ముప్పై వేల జనాభా కూడా లేని ఊరు ఇది. ఒక పక్క రాలీ-డర్హం విమానాశ్రయం, ఇంకో పక్క రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కు, మధ్యలో ఏ వీధిలోకి వెళ్లినా తెలుగు మాట. ఇక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లల తండ్రుల్లో కొందరు ఇండియాలో సైన్యంలోనో వైమానిక దళంలోనో ఆఫీసర్లు. హోదాను బట్టి యాభై నాలుగు నుంచి అరవై లోపల రిటైరవుతారు. ఒంట్లో సత్తువ తగ్గదు, తెల్లారుజామున అయిదింటికే మెలకువ వస్తుంది, పొద్దు గడవదు. అలాంటి సమయంలో పాత స్టేషన్ నుంచి ఫోన్ వస్తుంది: "సార్, పరిపాలన విభాగంలో ఒక పోస్టు ఖాళీగా ఉంది. మీరైతే బాగుంటుంది."

విజయనగరం వైపు కుర్రాడొకడు ఈమధ్య అదే విషయం మీద వచ్చాడు. వాళ్ల నాన్నగారు కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి ఎయిర్ ఫోర్స్‌లో చేరినవారు, రేపోమాపో రిటైర్మెంట్. "బాబాయ్ గారూ, నాన్నని చేరమంటారా, వద్దంటారా?" అన్నాడు. ఒకరి జీవితం గురించి అవుననో కాదనో ఒక్క మాటలో తేల్చెయ్యడం నాకు చేతకాదు. నేను అడ్మినిస్ట్రేటివ్ బ్రాంచి వాణ్ని. కోయంబత్తూరులోని ఎయిర్ ఫోర్స్ అడ్మినిస్ట్రేటివ్ కాలేజీలో పని నేర్చుకుని, సర్వీసంతా ఫైళ్లతో, క్వార్టర్లతో, సరిహద్దు గోడలతో గడిపి, రిటైరయ్యాక మళ్లీ అలాంటి కుర్చీల్లోనే కొంతకాలం కూర్చున్నాను. అలాంటి కుర్చీల్లో కూర్చున్న మరికొందరిని దగ్గర నుంచి చూశాను. ఆ చూసినదాంట్లోంచి రాస్తున్నవి ఇవి.

1. ఏ గేటులోంచి లోపలికి వెళ్తున్నామో ముందు తెలియాలి

'మళ్లీ ఉద్యోగం' అని అందరూ ఒకే మాట వాడతారు గానీ దాంట్లో మూడు రకాలున్నాయి. మొదటిది, రిటైరైన ఆఫీసర్ని మళ్లీ యూనిఫాంలోనే తీసుకోవడం. ఆర్మీలో ఇది బాగా అలవాటైన పద్ధతి: రిక్రూటింగ్ ఆఫీసులు, స్టేషన్ హెడ్‌క్వార్టర్స్, ఎన్‌సీసీ యూనిట్లలో కనిపించే నెరిసిన జుట్టు కల్నల్స్‌లో చాలామంది అలా వచ్చినవాళ్లే. యుద్ధానికి పనికొచ్చే వయసులో ఉన్న ఆఫీసర్ని కాగితాల దగ్గర కూర్చోబెట్టకుండా, ఆ కాగితాలు తెలిసిన పెద్దవాణ్ని కూర్చోబెట్టడం దీని లెక్క. రెండోది కాంట్రాక్టు. మాజీ సైనికుల వైద్య పథకం ఇ.సి.హెచ్.ఎస్. పాలీక్లినిక్‌లో ఆఫీసర్ ఇన్‌చార్జి, ఎయిర్ ఫోర్స్ స్కూల్లో పరిపాలన బాధ్యత, సంక్షేమ సంస్థల్లో కార్యదర్శి, ఇలాంటివి. ఇ.సి.హెచ్.ఎస్. 2003 ఏప్రిల్ 1న మొదలైన తర్వాత ఈ రకం కుర్చీలు ఊరూరా పుట్టుకొచ్చాయి. మూడోది మామూలు ప్రభుత్వోద్యోగం. మన జిల్లాల్లో సైనిక్ సంక్షేమ కార్యాలయాలు నడిపే అధికారులు మాజీ సైనికాధికారులే.

ఈ తేడా కాగితం మీదే ఉంటుందనుకుంటే పొరపాటు. యూనిఫాంలోకి తిరిగి వచ్చినవాడు 1950 నాటి ఎయిర్ ఫోర్స్ చట్టం కిందికి తిరిగి వస్తాడు. కాంట్రాక్టు మీద వచ్చినవాడు ఆ చట్టానికి బయటివాడు, పౌరుడు. ఎయిర్‌మన్‌కి శిక్ష వెయ్యలేడు, ఛార్జి వినలేడు. నిన్నటిదాకా వింగ్ కమాండర్‌గా 'అటెన్షన్' అంటే పాతికమంది నిలబడ్డారు గదా అని, ఈ రోజు ఆలస్యంగా వచ్చిన కార్పొరల్‌ని అదే గొంతుతో గద్దిస్తే, ఆ కుర్రాడు లోపల నవ్వుకుంటాడు. నవ్వుకోవడంతో ఆగితే అదృష్టం. స్టేషన్ వారంట్ ఆఫీసర్‌కి ఒక మాట చెప్తే పని అయిపోయేచోట, చేతిలో లేని అధికారాన్ని ప్రయోగించి నవ్వులపాలైన పెద్దమనుషులు నాకు తెలుసు.

2. భుజం మీద చారలు గేటు దగ్గర వదిలెయ్యాలి

చెప్పడం తేలిక. కింద పని చేసిన ఫ్లయింగ్ ఆఫీసరే ఏళ్లు గడిచాక గ్రూప్ కెప్టెన్‌గా పైన కూర్చుని ఉంటాడు. "సర్, మీరు కూర్చోండి" అని అతనంటాడు. "లేదు సర్, మీరు ముందు" అని ఇతననాలి. ఆ 'సర్' గొంతులోంచి మొదటిసారి బయటికి రావడానికి కొందరికి వారాలు పడుతుంది. కొందరికి అసలు రాదు. పేరు పెట్టి పిలుస్తారు, లేదా ఏ పిలుపూ లేకుండా మాట తిప్పేస్తారు. గదిలో ఉన్నవాళ్లందరికీ అది తెలుస్తూనే ఉంటుంది.

ఇలాంటివాళ్లకి నేను విలియం వెడ్జ్‌వుడ్ బెన్ కథ చెప్తుంటాను. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల్లో తిరిగి పతకాలు సంపాదించిన మనిషి. 1929 నుంచి 1931 దాకా బ్రిటన్ మంత్రివర్గంలో భారత వ్యవహారాల మంత్రి, అంటే లాహోరులో పూర్ణ స్వరాజ్య తీర్మానం, దండి యాత్ర, మొదటి రౌండ్ టేబుల్ సమావేశం జరిగినన్నాళ్లూ లండన్‌లో మన ఫైలు ఆయన బల్ల మీదే ఉంది. అలాంటివాడు 1940లో, అరవై దాటిన వయసులో, రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో పైలట్ ఆఫీసర్‌గా చేరాడు. ఆఫీసర్ల నిచ్చెనలో అది అట్టడుగు మెట్టు. వైస్రాయికి ఆదేశాలు పంపిన చేత్తో ఇరవై రెండేళ్ల కుర్రాళ్లకి సెల్యూట్ కొట్టాడు. తర్వాత ఎయిర్ కమొడోర్ అయ్యాడు, 1945లో వైమానిక మంత్రే అయ్యాడు, అది వేరే సంగతి. ఆ యుద్ధకాలంలో బ్రిటన్ తన ఎయిర్ ఫోర్స్ పరిపాలన పనుల్లోకి పాత యుద్ధం నాటి మనుషుల్ని పెద్ద సంఖ్యలో లాక్కుంది. యుద్ధం తర్వాత కూడా వాళ్ల రక్షణ శాఖలో 'రిటైర్డ్ ఆఫీసర్' పేరుతోనే సివిల్ ఉద్యోగాల తరగతి ఒకటి చాలాకాలం నడిచింది. ఈ విషయంలో మనకి దారి చూపించినవాళ్లు వాళ్లే. ఆ దారిలోని మంచీ చెడూ రెండూ మనకి వచ్చాయి.

తిరిగి వచ్చిన ఆఫీసర్ స్థితి పుట్టింటికి వచ్చిన ఆడపడుచు స్థితి: మర్యాదకి లోటుండదు, బీరువా తాళాలు మాత్రం వదిన దగ్గరుంటాయి.

3. వాళ్లు కొనుక్కుంటున్నది జ్ఞాపకాన్ని

నాకు బాగా గట్టిగా అనిపించే మాట ఇది. స్టేషన్‌లో సర్వీసులో ఉన్న ఆఫీసర్ రెండు మూడేళ్లకి బదిలీ అయిపోతాడు. స్టేషన్ మాత్రం అక్కడే ఉంటుంది. చుట్టూ ఉన్న ఊళ్లూ అక్కడే ఉంటాయి, పెరుగుతూ కూడా ఉంటాయి. దుండిగల్‌లో ఎయిర్ ఫోర్స్ అకాడమీ 1971లో మొదలైనప్పుడు చుట్టూ చేలు, రాళ్ల గుట్టలు. ఇప్పుడు ఆ వైపంతా అపార్ట్‌మెంట్లు. హకీంపేట స్టేషన్ సంగతీ అంతే. విమానాలు దిగే దారిలో ఎవరైనా పది అంతస్తులు లేపాలంటే ఎత్తుకి అనుమతి కావాలి. దానికి 2015లో పౌర విమానయాన శాఖ తెచ్చిన నిబంధనలున్నాయి. రక్షణ స్థావరాల పక్కన కట్టడాల మీద ఆంక్షలకి 1903 నాటి వర్క్స్ ఆఫ్ డిఫెన్స్ చట్టం ఉంది. (అదే 1903 డిసెంబర్ 17న ఈ నార్త్ కరోలినా సముద్రతీరంలోనే రైట్ సోదరులు మొదటిసారి ఎగిరారు. విమానం పుట్టిన ఏటి చట్టంతో ఈ రోజుకీ విమానాశ్రయాల పక్క స్థలాల తగాదాలు తీరుస్తున్నాం.) చట్టం పుస్తకంలో దొరుకుతుంది. ఏ సర్వే రాయి ఏ చెట్టు కింద ఉంది, ఏ కాలువ మీద కల్వర్టు ఎవరి ఖర్చుతో వేశారు, ఏ ఎకరం గురించి కలెక్టరాఫీసులో ఎప్పుడు ఏ ఉత్తరం వెళ్లింది, ఇవి పుస్తకంలో దొరకవు.

ఒక ఉదాహరణ చెప్తాను. హైదరాబాద్ చుట్టుపక్కల ఒక స్టేషన్ ఆవరణలో పోచమ్మ గుడి ఉంది. స్థలం తీసుకున్నప్పుడే గుడి ఉంది, దాన్ని కదపలేదు. ఆషాఢంలో ఏటా పక్క ఊరి ఆడవాళ్లు బోనాలెత్తుకుని లోపలికి వచ్చి, మొక్కు చెల్లించుకుని వెళ్లడం ఆనవాయితీ. ఆ ఏడు కొత్తగా వచ్చిన భద్రతాధికారి కుదరదన్నాడు. అతని వైపు నుంచి చూస్తే తప్పు లేదు: వందల మంది, ఎవరి గుర్తింపు కార్డూ లేదు, రన్‌వేకి అంత దూరంలో లేదు. ఊళ్లో గొడవ మొదలైంది. గేటు బయట డప్పులు, లోపల సాయుధ కాపలా. కాగితాల్లో వెతికితే ఫైలు దొరకలేదు.

అప్పుడు పరిపాలన విభాగంలో కాంట్రాక్టు మీద ఒక మాజీ మాస్టర్ వారంట్ ఆఫీసర్ ఉండేవాడు. "సర్, పాత పద్ధతి ఉంది" అని తేలిగ్గా చెప్పాడు. వారం ముందు సర్పంచ్ పేర్ల జాబితా ఇస్తాడు. పెద్ద గేటు కాదు, వెనక పంపు హౌస్ గేటు తెరుస్తారు. పొద్దున ఎనిమిది లోపు వచ్చి పదింటికి వెళ్లిపోతారు, ఆ రెండు గంటలూ ఫ్లయింగ్ పెట్టరు. మగవాళ్లు గేటు దగ్గరే ఆగుతారు, డప్పు వాళ్లకి మాత్రం మినహాయింపు. పాతకాలం స్టేషన్ కమాండర్ ఒకాయన ఊరి పెద్దలతో కూర్చుని రాసుకున్న ఒప్పందం అది. కాగితం పోయినా అతని బుర్రలో అక్షరం పోలేదు. మర్నాటికి గొడవ సర్దుకుంది. భద్రతాధికారి తర్వాత దాన్ని పద్ధతి ప్రకారం స్టేషన్ ఆదేశంగా రాయించాడు. కుర్రాడు మంచివాడే, అతనికి చెప్పేవాళ్లు లేకపోయారంతే.

ఇక్కడ రెండు సంగతులు. ఒకటి, ఆ జ్ఞాపకం ఆఫీసర్ దగ్గర లేదు, వారంట్ ఆఫీసర్ దగ్గర ఉంది. స్టేషన్ చరిత్ర తెలిసినవాళ్లని మళ్లీ తీసుకోవాలంటే హోదా చూసి కాదు, ఎవరు ఎక్కడ ఎన్నాళ్లు ఉన్నారో చూసి తీసుకోవాలి. ఆఫీసర్ పోస్టుకి ఆఫీసర్నే తీసుకోవాలన్న నియమం ఉన్నప్పుడు ఇది కుదరదు, ఆ నియమం గురించి నాకు మంచి అభిప్రాయం లేదు. రెండోది, మంచి జ్ఞాపకం పక్కనే చెడ్డ జ్ఞాపకం కూడా ఉంటుంది. "మా రోజుల్లో ఇలా చెయ్యలేదు" అనేది జ్ఞాపకం కాదు, అడ్డం. ఎయిర్ ఫోర్స్ సొంత నెట్‌వర్క్ ఏఎఫ్‌నెట్ మీద ఫైలు నడిచే రోజుల్లో నోటింగ్ షీట్ మీద పచ్చ సిరా సంతకం కావాలని పట్టుబట్టిన ఒకాయన్ని చూశాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

4. జీతం లెక్క చేరకముందే వేసుకోవాలి

సిగ్గుపడి ఎవరూ అడగరు. చేరాక మొదటి జీతం చూసి ఉలిక్కిపడతారు. కేంద్ర ప్రభుత్వంలో తిరిగి చేరిన పెన్షనర్ల జీతం 1986లో వచ్చిన ఉత్తర్వుల ప్రకారం, వాటికి తర్వాత చేసిన సవరణల ప్రకారం కడతారు. సారాంశం ఇది: ఆఫీసర్‌గా యాభై అయిదేళ్లు నిండకముందు రిటైరైతే పెన్షన్‌లో మొదటి 15,000 రూపాయల్ని పట్టించుకోరు, మిగతా పెన్షన్‌ని కొత్త జీతంలోంచి తీసేస్తారు. ఊరికే అంకె కోసం, చివరి మూల జీతం లక్షన్నర, పెన్షన్ డెబ్బై అయిదు వేలు అనుకోండి. పదిహేను పోను అరవై వేలు తగ్గుతుంది. చేతికొచ్చే మూల జీతం తొంభై వేలు. యాభై అయిదు నిండాక రిటైరైతే ఆ పదిహేను వేల మినహాయింపు కూడా ఉండదు. ఇంకో మెలిక: పెన్షన్‌లో కొంత కమ్యూట్ చేసి ఒకేసారి డబ్బు తీసుకున్నా, లెక్కలోకి వచ్చేది కమ్యూట్ చెయ్యకముందరి పూర్తి పెన్షనే. అల్లుడి ఇంటికో కూతురి చదువుకో సగం కమ్యూట్ చేసినవాళ్లకి ఇది బాగా తగులుతుంది. ఆఫీసర్ హోదా కంటే కింద, యాభై అయిదు నిండకముందు రిటైరైనవాళ్లకి మాత్రం పెన్షన్ మొత్తాన్నీ పక్కన పెడతారు, అది న్యాయమే. కాంట్రాక్టు పోస్టుల్లో ఈ తలనొప్పి లేదు. ఇంత అని మొత్తం ఒకటి రాసి ఇస్తారు, పెన్షన్ జోలికి రారు. కానీ క్వార్టరు, డీఏ, ఇంక్రిమెంటు అనే మాటలు మర్చిపోవాలి.

ఈ గొడవ మనకే ఉందనుకున్నాను. ఇక్కడికొచ్చాక లేక్ క్రాబ్‌ట్రీ చుట్టూ పొద్దున్నే నడిచే ఒక పెద్దమనిషి పరిచయమయ్యాడు. అమెరికా ఎయిర్ ఫోర్స్‌లో లెఫ్టినెంట్ కల్నల్‌గా రిటైరై, గోల్డ్స్‌బరోలోని సేమోర్ జాన్సన్ స్థావరంలో పౌర ఉద్యోగిగా పని చేసినవాడు. (ఎయిర్ ఫోర్స్ స్థావరమే గానీ పేరు ఒక నేవీ పైలట్‌ది, ఆ ఊరి కుర్రాడు కాబట్టి అలాగే ఉంచేశారు.) వాళ్లకీ 1964లో డ్యూయల్ కాంపెన్సేషన్ చట్టం వచ్చింది. రెగ్యులర్ ఆఫీసర్‌గా రిటైరై ఫెడరల్ ఉద్యోగంలో చేరితే పెన్షన్‌లో ఏటా మొదటి రెండు వేల డాలర్లు, ఆపైన మిగిలినదాంట్లో సగం మాత్రమే ఇచ్చేవాళ్లు. ఆ రెండు వేల అంకెని తర్వాత్తర్వాత పెంచుతూ వచ్చారు. మన పదిహేను వేల లెక్కకి ఇది అన్నలాంటిది. 1999 అక్టోబర్ 1 నుంచి దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు పెన్షన్ పెన్షనే, జీతం జీతమే. పెన్షన్ చేసిన పనికి, జీతం చేస్తున్న పనికి అన్నది వాళ్లు ముప్పై అయిదేళ్లు తర్జనభర్జన పడి ఒప్పుకున్న సంగతి. మన ఉత్తర్వుల్ని కూడా ఆ వైపు మార్చితే బాగుంటుందని నా అభిప్రాయం, కనీసం ఆ పదిహేను వేల అంకెనైనా.

5. స్నేహితుడు చూపించిన కుర్చీని రెండుసార్లు చూడాలి

ఆ పెద్దమనిషే ఇంకో సంగతి చెప్పాడు. అమెరికా రక్షణ శాఖలో రిటైరైన తేదీ నుంచి 180 రోజులు గడవకుండా అదే శాఖలో పౌర పోస్టు ఇవ్వాలంటే పైనుంచి ప్రత్యేక అనుమతి కావాలి. అనుమతి అడిగేటప్పుడు కొన్ని సంగతులకి సమాధానం చెప్పాలి. ఇతను రిటైరయ్యేదాకా పోస్టుని ఖాళీగా ఆపి ఉంచలేదు గదా? అర్హతల జాబితా ఇతని కొలతలకి కుట్టించలేదు గదా? ఇప్పటికే అక్కడ పని చేస్తున్న ఉద్యోగుల్ని సరిగ్గా పరిశీలించారా? చట్టం రాసినవాడెవడో ఆఫీసుల లోగుట్టు బాగా తెలిసినవాడు. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత అత్యవసర పరిస్థితి పేరుతో ఆ నియమాన్ని పక్కన పెట్టారు, 2016 డిసెంబర్‌లో మళ్లీ అమల్లోకి తెచ్చారు. ఆ పదిహేనేళ్లలో శుక్రవారం యూనిఫాం విప్పి సోమవారం అదే బల్ల దగ్గర టై కట్టుకుని కూర్చున్నవాళ్లు ఎంతోమంది అని ఆయన నవ్వాడు.

మన దగ్గర పెద్ద హోదాల్లో రిటైరైనవాళ్లు ఏడాది లోపల ప్రైవేటు వ్యాపార సంస్థల్లో చేరాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. కంపెనీల వైపు తలుపుకి గడియ ఉంది. సొంత ఇంటి తలుపుకి కూడా ఉండాలంటాను. పరిచయం మీద వచ్చిన పోస్టులో చేరినవాడికి మొదటి రోజు నుంచే చెవిలో ఒక మాట వినబడుతూ ఉంటుంది: "ఆయన స్టేషన్ కమాండర్ గారి కోర్స్‌మేట్." మంచి పని చేసినా అదే మాట, చెడ్డ పని చేసినా అదే మాట. ఇంటర్వ్యూ జరిగిందా, ఎంతమంది వచ్చారు, ప్రకటన ఎక్కడ వేశారు అని అడిగి తెలుసుకోవడం అవమానం కాదు. జవాబు సరిగ్గా రాకపోతే మొహమాటం లేకుండా తప్పుకోవచ్చు.

6. ఆ మెట్టు మీద ఇంకొకరు ఎదురుచూస్తూ ఉంటారు

ఇది ఆఫీసర్లకి అసలు తట్టదు, నాకూ సర్వీసులో ఉండగా తట్టలేదు. పరిపాలన విభాగంలో పౌర ఉద్యోగులుంటారు. ఎల్డీసీగా చేరి, యూడీసీ అయి, సూపరింటెండెంట్ దాకా వచ్చినవాళ్లు. పై కుర్చీ ఖాళీ అయినప్పుడు ఈసారి తమదనుకుంటారు. అందులో ఒక రిటైర్డ్ ఆఫీసర్ వచ్చి కూర్చుంటే వాళ్లు గొంతెత్తరు. అడిగిన ఫైలు మాత్రం మూడు రోజులు ఆలస్యంగా వస్తుంది. దాన్ని సోమరితనం అనుకుంటారు ఆఫీసర్లు. వాళ్ల బాధ ఏమిటో ఒకసారి టీ తాగుతూ అడిగితే తెలుస్తుంది.

మాజీ సైనికులకి కేంద్రంలో గ్రూప్ సీ పోస్టుల్లో 10 శాతం, పూర్వపు గ్రూప్ డీలో 20 శాతం రిజర్వేషన్ ఉంది. బ్యాంకులు, ప్రభుత్వరంగ సంస్థల్లో ఇవి 14.5, 24.5 శాతాలు. అంటే సాయం ప్రధానంగా కింది హోదాల్లో తక్కువ వయసుకే బయటికి వచ్చే జవాన్లకి, ఎయిర్‌మెన్‌కి. అదే సబబు. అమెరికాలోనూ మాజీ సైనికుల ప్రాధాన్యం మేజర్, ఆపై హోదాల్లో రిటైరైనవాళ్లకి వర్తించదు, సేవలో వికలాంగులైతే తప్ప. రెండు దేశాలూ విడివిడిగా ఒకే చోటికి వచ్చాయి: ఆఫీసర్‌కి ముందు వరస అక్కర్లేదు. అతనికి పని కావాలంటే ఆ పనికి తగినవాడై రావాలి.

7. ఇద్రీస్ హసన్ లతీఫ్ గారి ఉదాహరణ మనకి కుదరదు

హైదరాబాద్‌లో పుట్టి 1978 నుంచి 1981 దాకా వైమానిక దళాధిపతిగా ఉన్న లతీఫ్ గారు, ఆ తర్వాత మహారాష్ట్ర గవర్నరుగా, ఫ్రాన్స్‌లో రాయబారిగా పని చేశారు. అంతకుముందు దళాధిపతిగా చేసిన అర్జన్ సింగ్ స్విట్జర్లాండ్‌లో రాయబారి. ఇంకో మాజీ దళాధిపతి పి.సి. లాల్ 1973లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ పగ్గాలు పట్టుకున్నారు, చేరీ చేరగానే సమ్మెలు, లాకౌట్. మన తెలుగు జనరల్ కె.వి. కృష్ణారావు గారు సైన్యాధిపతి పదవి దిగాక ఈశాన్యంలోనూ జమ్మూ కాశ్మీర్‌లోనూ గవర్నరు. ఈ పేర్లు చెప్పుకుని 'ఆఫీసర్ ఎప్పటికీ రిటైర్ కాడు' అనుకునేవాళ్లు మా క్లబ్బుల్లో తగినంతమంది. వాళ్లది రాష్ట్రపతి సంతకంతో వచ్చే పదవి, మనది స్టేషన్ కమాండర్ సంతకంతో వచ్చే కాంట్రాక్టు. రెంటినీ కలిపి చూసుకోవడం వల్ల అల్లుళ్లకి తప్ప ఎవరికీ లాభం లేదు.

8. ఇంట్లో ఒకసారి అడగండి

సర్వీసు పొడుగునా బదిలీల్లో ట్రంకు పెట్టెలు సర్దింది ఆవిడ. రిటైర్మెంట్‌తో ఆ పెట్టెలకి సెలవనుకుంది. చేరుతున్నానని చెప్పడం వేరు, చేరనా అని అడగడం వేరు. ఇంతకంటే ఈ విషయం మీద నేను రాయను, మా ఆవిడ ఇది చదువుతుంది.

9. వెళ్లిపోయే రోజుని చేరిన రోజే రాసిపెట్టుకోవాలి

కాంట్రాక్టు ఏడాదికోసారి పొడిగిస్తారు. రెండోసారి పొడిగించగానే కుర్చీ తనదే అనిపిస్తుంది. అందుకే మొదటి వారంలోనే అప్పగింత నోట్ రాయడం మొదలుపెట్టమంటాను. సర్వీసులో ఉన్నప్పుడు 'హ్యాండింగ్ ఓవర్ నోట్' అంటే బదిలీ ముందు రాత్రి హడావిడిగా రాసే నాలుగు పేజీలు. ఇక్కడ దాన్ని నెమ్మదిగా రాయాలి: స్థలాల తగాదాలు ఏ కోర్టులో ఏ దశలో ఉన్నాయి, కట్టడాల పని చూసే ఎం.ఇ.ఎస్. వాళ్లతో ఏ పని ఎక్కడ ఆగింది, ఏ ఆడిట్ అభ్యంతరం ఎందుకు తేలలేదు, ఊళ్లో ఎవరితో మాట్లాడితే పని అవుతుంది. తన బుర్రలో ఉన్నదాన్ని కాగితం మీదికి దించడమే ఆ పోస్టులో అసలు పని. అది పూర్తయితే పోస్టుకి తన అవసరం తగ్గిపోతుంది. తగ్గాలి కూడా. జ్ఞాపకాన్ని దాచుకుని అవసరాన్ని పెంచుకునేవాళ్లున్నారు. అడిగితే సగమే చెప్తారు, మిగతా సగానికి మళ్లీ పిలవాలి. వాళ్లకి పొడిగింపు మీద పొడిగింపు వస్తుంది, నిజమే. స్టేషన్‌కి మాత్రం పదేళ్ల తర్వాత కూడా ఫైలు ఉండదు.

10. అమెరికాలో పిల్లలున్నవాళ్లకి ఇంకో నాలుగు మాటలు

ఇది ఎక్కువగా మా మోరిస్‌విల్ పిల్లల కోసం. సందర్శకుల వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకి సాధారణంగా ఒకసారికి ఆరు నెలల దాకా ఉండనిస్తారు. ఏ కాంట్రాక్టు పోస్టూ ఆరు నెలల సెలవివ్వదు. మనవరాలి పుట్టుకకి అమ్మమ్మ, తాతయ్య కలిసి రావాలనుకుంటే కాంట్రాక్టు గడువు ముగిసే నెల చూసుకుని ప్రసవం తేదీ ఉండదు కాబట్టి, రెంట్లో ఒకటి వదులుకోక తప్పదు. ఆ వీసా మీద ఇక్కడ ఉద్యోగం చెయ్యకూడదు. కొందరు గుడి క్యాంటీన్‌లోనో తెలిసినవాళ్ల దుకాణంలోనో డబ్బు తీసుకుని ఒక చెయ్యి వేద్దామనుకుంటారు, ఆ పని చెయ్యకండి. అక్కడ ఇ.సి.హెచ్.ఎస్. కార్డు ఎంత పనికొస్తుందో ఇక్కడ అంత పనికిరాదు. మోకాలు నొప్పికి కూడా ఇక్కడి ఆసుపత్రి బిల్లు పెన్షన్‌ని మింగేస్తుంది, బీమా తీసుకునే విమానం ఎక్కాలి.

పెన్షన్ ఇప్పుడు 'స్పర్శ్' అనే ఆన్‌లైన్ పద్ధతి ద్వారా వస్తోంది, ఏటా బతికున్నట్టు రుజువు ఇవ్వాలి. నార్త్ కరోలినా అట్లాంటా కాన్సులేట్ కిందికి రాదు, వాషింగ్టన్ రాయబార కార్యాలయం పరిధి. చాలామంది పొరబడి అట్లాంటాకి కాగితాలు పంపి నెల పోగొట్టుకుంటారు. వాషింగ్టన్‌కి కారులో అయిదు గంటల లోపే. నవంబర్‌లో వెళ్లేవాళ్లు పొద్దున్నే బయల్దేరితే రిచ్‌మండ్ దాటాక వచ్చే రద్దీ తప్పుతుంది, పెన్షన్ ఉత్తర్వు (పీపీవో) జిరాక్స్ రెండు కాపీలు మాత్రం ఇంట్లోంచే తీసుకెళ్లండి.